పెద్దవి వెళ్లడం లేదు

ఆ ఇంటికి అతను వెళ్లడం అది మూడోసారి. మూడుసార్లూ ఫిర్యాదు కాగితం మీద ఒకటే వాక్యం: "చిన్నవి వెళ్తున్నాయి, పెద్దవి వెళ్లడం లేదు." ఆఫీసులో దాన్ని ఒకరు పైకి చదివితే ఇంకొకరు, "డాక్టర్ దగ్గర చెప్పాల్సిన మాట మనకు చెప్తోందేమిటి ఈవిడ" అన్నారు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో అతను అందరికన్నా పాత టెక్నీషియన్. ఇంటికి వెళ్లడం, లైన్ పరీక్షించడం, కాగితం మీద "లైన్ ఓకే" అని రాసి సంతకం పెట్టించుకోవడం, బండెక్కడం. ఆ రెండు మాటలూ అతని నోట ఎంతగా నానాయంటే, ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ అతను ఓకే బాబాయి అయిపోయాడు. ఆ పేరంటే అతనికి చిరాకు లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా.

తలుపు ఆవిడే తీసింది. యాభై దాటిన మనిషి. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో పెన్సిలు. చూపులేని వాళ్ల కోసం నడిచే గ్రంథాలయమొకటి వేరే ఊళ్లో ఉంది. దానికి పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి పంపడం ఆవిడ పని. గదిలో బట్టల అల్మారా ఖాళీ చేసి, బయటి చప్పుడు పడకుండా లోపల చుట్టూ బొంతలు వేలాడదీసుకుంది. అందులో ఒక స్టూలు, ఒక దీపం, ఒక మైకు. ఆఫీసులో ఆవిడను పుస్తకాలావిడ అనేవారు.

"చూడండి, ఇప్పుడొక ఉత్తరం పంపుతున్నాను. వెళ్లిపోయింది" అంది ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని. "ఇప్పుడు ఒక అధ్యాయం పంపుతాను. ఇదిగో."

తెర మీద పచ్చగీత బెత్తెడు కదిలి ఆగిపోయింది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చుంది. అలా చూడటం ఆవిడకు బాగా అలవాటైపోయినట్టుంది.

"ఇలాగే ఉంటుందండీ. పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి కూడా ఇక్కడే. చివరికి మళ్లీ ప్రయత్నించండి అంటుంది. ఏ రోజు ఎంత సైజుది పంపితే వెళ్లింది, ఎంతది వెళ్లలేదు అన్నీ రాసి పెట్టాను. ఈ నోట్‌బుక్ ఒక్కసారి..."

"అవసరం లేదమ్మా. మిషనే చెప్తుంది" అన్నాడతను. రౌటర్‌లోంచి తీగ ఊడబీకి, తన లాప్‌టాప్‌కు నేరుగా తగిలించాడు. రెండు నిమిషాల్లో అంకెలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. ఒక పెద్ద ఫైలు కూడా పంపి చూపించాడు. పచ్చగీత ఈ కొసనుంచి ఆ కొసకు జారిపోయింది.

"చూశారుగా. లైన్ ఓకే."

"మరి నాకెందుకు వెళ్లడం లేదు?"

"మీ కంప్యూటర్ పాతదైపోయిందమ్మా. దాని వయసు అయిపోయింది. మేమేం చేస్తాం?"

కిటికీ పక్కన పడక్కుర్చీలో పేపరు చదువుతున్న ఆవిడ భర్త తలెత్తాడు. "విన్నావా? నేను చెప్తే నమ్మవు. తప్పు నీ దగ్గర పెట్టుకుని ఆయన్ని మూడుసార్లు తిప్పావు."

"కొంతమందికి వాడటం చేతనవడానికి టైం పడుతుంది లెండి సార్" అన్నాడతను, తీగ చుట్టుకుంటూ. ఏదో ఊరికే అన్న మాట. ఇద్దరు మగవాళ్లు కలిసి నవ్వుకోవడానికి పనికొచ్చే మాట. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

ఆవిడ నవ్వలేదు. కోపగించుకోలేదు. పెన్సిలును నోట్‌బుక్‌లో పెట్టి మూసేసింది.

"గ్రంథాలయంవాళ్లు కంపెనీ నుంచి ఒక ఉత్తరం అడిగారండీ. లైన్‌లో లోపం ఉందా లేదా అని. నేను సాకులు చెప్తున్నాననుకుంటున్నారు."

"దానికేం భాగ్యం, ఇప్పుడే ఇస్తాను." అతను సంచిలోంచి కంపెనీ కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు. లైన్‌లో ఏ లోపమూ లేదు. లోపం వినియోగదారు వైపు ఉంది. కింద సంతకం, దాని మీద ముద్ర.

ఆవిడ అలవాటుకొద్దీ దాన్ని పైకే చదివింది. నిదానంగా, స్పష్టంగా, ప్రతి వాక్యం చివర కొంచెం ఆగి. ఆ గొంతులో వింటుంటే ఆ రెండు వాక్యాలూ ఎక్కడో అచ్చయిన పుస్తకంలో మాటల్లా, ఎవరూ కాదనలేని నిజాల్లా వినిపించాయి.

"సరేనండి" అంది. "పరీక్ష పుస్తకం ఇది. పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఈ ఉత్తరం చూశాక ఇంకెవరికైనా ఇచ్చేస్తారు కాబోలు."

అతను అప్పటికే గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు.

రెండు రోజుల తర్వాత ఒక ఫొటో స్టూడియో నుంచి ఫిర్యాదు వచ్చింది. స్టూడియో యజమాని బొద్దుగా, సరదాగా ఉండే మనిషి. "రండి బాబాయిగారూ, రండి. నా గొడవ చిత్రంగా ఉంటుంది. నాకు రావాల్సినవన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. నేను పంపాల్సినవే గడప దాటడం లేదు. ఆల్బమ్ ప్రింటుకు పంపాలి, అవతలవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు."

ఆ మాట వినగానే ఎక్కడో విన్నట్టనిపించింది కానీ అతను పట్టించుకోలేదు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి మూత తెరిచాడు. చార్జింగ్ లేదు. చార్జర్ కోసం సంచంతా తడిమాడు. అది ఆఫీసు బల్ల మీదే ఉండిపోయినట్టుంది.

"మీ కంప్యూటర్‌లోనే చూస్తాను, లేవండి" అన్నాడు చేసేది లేక.

అలా ఆ రోజు అతను మొదటిసారి రౌటర్‌ను పక్కకు తప్పించకుండా, దానిలోంచే లైన్‌ను పరీక్షించాడు. ఫొటో పంపాడు. పచ్చగీత బెత్తెడు కదిలి ఆగిపోయింది.

అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నెట్‌లో ఏ ఫైలూ ఒక్క ముద్దగా పోదు, ముక్కలు ముక్కలుగా పోతుంది. ఆ ముక్క ఎంత పెద్దది ఉండొచ్చో ఒక కొలత ఉంటుంది. కొలత దాటిన ముక్కను దారిలో ఎక్కడో పారేస్తారు. పారేశామని కబురు కూడా అందకపోతే, పంపినవాడు జవాబు కోసం చూస్తూ కూర్చోవాల్సిందే. ఈ సంగతి అతనికి కొత్త కాదు. ఎప్పుడో శిక్షణలో నేర్చుకున్నదే. ఒక్కో సైజు ముక్కను పంపి చూడటం మొదలుపెట్టాడు. వెయ్యి బైట్లు. వెళ్లింది, జవాబొచ్చింది. పద్నాలుగు వందలు. వెళ్లింది. పదిహేను వందలకు దగ్గరగా పెట్టాడు. నిశ్శబ్దం. కొంచెం తగ్గించాడు. నిశ్శబ్దం. ఇంకొంచెం. అరగంట అలా పెంచుతూ, తగ్గిస్తూ, చొక్కా జేబులోని కాగితం మీద టిక్కులూ ఇంటూలూ పెట్టుకుంటూ వచ్చాడు. పద్నాలుగు వందల అరవై నాలుగు వెళ్తోంది. అరవై అయిదు వెళ్లడం లేదు. దానికి పైన చిరునామాకు పట్టే ఇరవై ఎనిమిదీ కలిపితే, ఆ లైన్ భరించగలిగింది పద్నాలుగు వందల తొంభై రెండు.

రౌటర్ సెట్టింగ్ తెరిచి చూశాడు. అక్కడ పదిహేను వందలు అని ఉంది.

ఎనిమిది ఎక్కువ.

ఆ అంకె దానంతటది వచ్చింది కాదు. ఈ రకం కొత్త రౌటర్లు వచ్చి మూడు నెలలయింది. వాటితోపాటు వచ్చిన కాగితంలో పద్నాలుగు వందల తొంభై రెండు అనే ఉంది. శిక్షణ ఇచ్చినాయన, "ఆ అంకె జోలికి మాత్రం పోకండి, ఈ లైన్ల మీద పైన ఎనిమిది బైట్ల చుట్టుకాగితం ఉంటుంది" అని చెప్పాడు కూడా. ముక్క పెద్దదయితే వేగం పెరుగుతుందని ఎవరో అనగా విని, తొంభై రెండేమిటి పీనాసిగా, నిండుగా పదిహేను వందలు పెడితే పోలా అనుకున్నది తను. ప్రతి ఇంట్లోనూ కొట్టుకుంటూ కూర్చోకుండా ఆ సెట్టింగులన్నీ లాప్‌టాప్‌లో ఒక ఫైలుగా దాచి, వెళ్లిన ఇంటికల్లా దాన్నే ఎక్కించింది తను. ఇంటికి పది నిమిషాలు మిగిలేవి.

తన లాప్‌టాప్‌లో మాత్రం సరైన అంకే ఉంది. రౌటర్ తీసేసి లాప్‌టాప్ తగిలించిన ప్రతిసారీ లైన్ ఓకే అనే వచ్చింది. రాక ఏమవుతుంది? తప్పున్న చోటును పక్కకు పెట్టి మరీ పరీక్షించాడు.

"ఏమయింది బాబాయిగారూ, దొరికిందా దొంగ?" అన్నాడు స్టూడియో యజమాని వెనకనుంచి.

"దొరికింది" అన్నాడతను. అంకె మార్చాడు. ఫొటోలు బారులు తీరి వెళ్లిపోయాయి.

యజమాని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ! ఒక్కసారి కూర్చున్నారు, పట్టేశారు. ఇలాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు!"

అతను చేతులు విడిపించుకుని సంచి సర్దుకున్నాడు.

సూపర్‌వైజర్ అతనికన్నా పదిహేనేళ్లు చిన్నది. అందరిలాగే బాబాయిగారూ అనేది కానీ, పని విషయంలో చుట్టరికం ఉండేది కాదు. అతను తలుపు దగ్గరగా వేసి చెప్పిందంతా విని, మొదట ఒక్కటే అడిగింది.

"ఎన్ని ఇళ్లు?"

"ముప్ఫై ఏడు."

"మూడు నెలల్లో ముప్ఫై ఏడు ఇళ్లయితే, ఫిర్యాదులు రెండే ఎలా వచ్చాయి?"

"మిగతావాళ్లంతా తీసుకునేవాళ్లేనమ్మా. సినిమాలు, పాటలు. పెద్దపెద్దవి పంపే అవసరం ఎవరికుంటుంది? పంపాల్సి వచ్చినప్పుడు వెళ్లకపోతే, నెట్ అంటేనే అంత అనుకుని ఊరుకుని ఉంటారు."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. "ఇక్కణ్ణుంచే మార్చొచ్చుగా?"

"మార్చొచ్చు."

"నంబర్లు చదవండి."

అతను చదివాడు, ఆమె కొట్టింది. తెర మీద ఒక్కో ఇంటి పక్కన ఒక్కో పచ్చచుక్క వెలిగింది. ఇరవై నిమిషాల్లో ముప్ఫై ఆరు పూర్తయ్యాయి. మూడు నెలల తప్పు, ఒక టీ తాగేంతసేపట్లో చెరిగిపోయింది. పుస్తకాలావిడ నంబరు పందొమ్మిదోది. అది చదివి అతను ఆ వరస మీద వేలు పెట్టి ఉంచాడు.

"ఈ ఇంటికి నేను ఉత్తరం ఇచ్చానమ్మా" అన్నాడు. "లోపం ఆవిడ వైపే ఉందని. ముద్ర వేసి మరీ."

"ఇచ్చారు. అయిపోయింది."

"అది తప్పని ఇంకో ఉత్తరం ఇస్తే..."

"ఆవిడకిస్తే మిగతా ముప్ఫై ఆరుగురికీ ఇవ్వాలి. రేపు మన ఆఫీసు ముందు క్యూ కడతారు. సరయిపోయిందిగా బాబాయిగారూ. ఇంక ఎక్కడా ఎత్తకండి. నేనూ వినలేదు, మీరూ చెప్పలేదు." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. కఠినంగా ఏమీ అనలేదు. అలిసిపోయినట్టు అంది, అంతే. అందుకే అతనికి ఎదురు చెప్పడం ఇంకా కష్టమయింది.

మర్నాడు పొద్దున్నే అతని ఫోన్ మోగింది.

"నేనండీ, పుస్తకాలు చదివే ఆవిణ్ణి. మీకో శుభవార్త. వెళ్లిపోయాయి! అన్నీ వెళ్లిపోయాయి!"

"మంచిదమ్మా" అన్నాడతను.

"మీరు చెప్పిందే నిజం. నిన్న సాయంత్రమే కొత్త కంప్యూటర్ కొన్నాం. ఇలా పెట్టానో లేదో, అలా వెళ్లిపోయాయి. మావారు ఒకటే దెప్పుతున్నారు, నేను మొదటి రోజే చెప్పాను కదా అని."

అతను బండి పక్కన రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఫోన్ ఒక చెవి మీంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మిమ్మల్ని అనవసరంగా మూడుసార్లు తిప్పాను. ఏమీ అనుకోకండి. నా లోపం నాకు తెలియక, మీ లైన్ మీద నింద వేశాను. గ్రంథాలయానికి కూడా రాసేశాను, లోపం నాదేనని, ఇన్నాళ్లూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని. మీకు కూడా చెప్పాలి కదా. క్షమించండి."

చెప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. తీరా నోరు తెరిస్తే వచ్చింది, "పర్లేదమ్మా, పర్లేదు."

పర్లేదు! తన తప్పుకు ఆవిడ క్షమాపణ అడిగితే, తను క్షమించేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ కంపెనీకి ఒక మెయిల్ కూడా పంపింది. ఓపికగా మూడుసార్లు వచ్చిన టెక్నీషియన్ గురించి, విసుక్కోకుండా ఉన్న మాట చెప్పిన అతని నిజాయితీ గురించి. మరునాటి ఉదయం మీటింగ్‌లో దాన్ని పైకి చదివారు. నిజాయితీ అన్న మాట దగ్గర సూపర్‌వైజర్ తల వంచుకుని పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఓకే బాబాయి జిందాబాద్" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అతనికి తల కొట్టేసినట్టయింది. మెడ వెనక చెయ్యి వేసుకుని, గోడ మీది గడియారంకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య అతని యూనిఫారం చొక్కాకు గుండీ కుడుతోంది. అతను పళ్లెం ముందు కూర్చుని తినకుండా కెలుకుతుంటే, ఏమయిందని అడక్కుండా కుట్టుకుంటూ పోయింది. అలా అడక్కపోవడమే ఆమె అడిగే పద్ధతి. అతను మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు.

"మొత్తమ్మీద, తప్పు మీరు చేశారు, క్షమాపణ ఆవిడ చెప్పింది, చప్పట్లు మీకు కొట్టారు" అంది ఆమె దారం కొరుకుతూ.

"సరిచేశాగా."

"రౌటర్‌ను సరిచేశారు."

"ఇంకేం చెయ్యమంటావు? ఇప్పుడెళ్లి చెప్పినా పోయిన పుస్తకం రాదు. కొన్న కంప్యూటర్ తిరిగి తీసుకోరు. ఉద్యోగానికి ఎసరు తప్ప ఎవరికేం ఒరుగుతుంది?"

ఆమె చొక్కా దులిపి, గుండీ లాగి చూసింది. "ఏమో మరి. రోజూ ఆ మైకు ముందు కూర్చున్నప్పుడల్లా నాకు చేతకాదు, నాకు చేతకాదు అనుకుంటూ చదువుతుంది పాపం ఆవిడ. ఆ ఒక్కటీ ఒరగదా?"

అతను పళ్లెం పక్కకు జరిపాడు.

శుక్రవారం పొద్దున్న అతను జరిగిందంతా రిపోర్టుగా రాసి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాడు. ఆమె రెండు పేజీలూ చదివింది. సొరుగులో పెట్టలేదు, చింపలేదు.

"ఇది లోపలికి తీసుకున్నానంటే పైకి పంపాలి. పంపితే సోమవారం నుంచి మీరు ఇళ్లకు వెళ్లరు. స్టోరు గదిలో తీగల చుట్టలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఎన్నాళ్లో నేను చెప్పలేను."

"తెలుసమ్మా."

"కంపెనీ తరఫున ఉత్తరం మాత్రం ఇవ్వను. నాకు ఆ అధికారం లేదు."

"సొంతంగా రాసిస్తాను."

ఆమె రిపోర్టు మీద తేదీ ముద్ర కొట్టింది. ఆ చప్పుడుకు అతను కొద్దిగా ఉలిక్కిపడ్డాడు.

పుస్తకాలావిడ తలుపు తీసింది. అతన్ని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. "రండి రండి. అంతా బాగానే ఉందండీ, నేనేమీ ఫిర్యాదు చెయ్యలేదే!"

అతను లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. సంచి పట్టీని గుప్పిట్లో పట్టుకుని నిలబడే చెప్పాడు. రౌటర్‌లో అంకె సంగతి, అది తను ఎలా పెట్టిందీ, ఎలా పరీక్షించిందీ, మొన్న సోమవారం సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఎలా మార్చిందీ. "మీ కొత్త కంప్యూటర్ వల్ల కాదమ్మా. మీరది పెట్టిన రోజే మేం ఇది మార్చాం. రెండూ కలిసొచ్చాయి, అంతే."

పడక్కుర్చీలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ అరవలేదు. లోపలికి వెళ్లి నోట్‌బుక్ తెచ్చి, మొదటి పేజీ తీసి చూపుడువేలు పెట్టింది. "మీరు ఈ రౌటర్ పెట్టింది ఏ రోజు?"

అతను తేదీ చెప్పాడు. ఆవిడ వేలు అదే తేదీ మీద ఉంది. దాని పైనున్న వరసలన్నిటికీ టిక్కులు. దాని కిందివి, పెద్ద సైజువన్నిటికీ ఇంటూలు. చదువు రానివాడు చూసినా అర్థమయ్యేంత శుభ్రంగా గీతలు కొట్టి రాసింది.

"మూడుసార్లు ఇది మీకు చూపించబోయాను" అంది.

అతను ఆ ఇంటూల వరస వెంట వేలు పెట్టి కింది దాకా వచ్చాడు.

"పాత కంప్యూటర్ తీసుకెళ్లే వాడికి ఇచ్చేశాం. పదకొండేళ్లు పనిచేసింది. అయితే దానికి ఏ రోగమూ లేదన్నమాట." ఆవిడ నోట్‌బుక్ మూసింది. "గ్రంథాలయానికి ఉత్తరం తెచ్చారా?"

"కంపెనీ ఇవ్వనంది. నేనే రాసుకొచ్చాను."

ఆవిడ కాగితం అందుకుని పైకి చదివింది. "రౌటర్ అమర్చే సమయంలో అంకె విషయంలో పొరపాటు జరిగింది. దానివల్ల వినియోగదారుకు అసౌకర్యం కలిగింది. అందుకు చింతిస్తున్నాము." చదివి, కాగితం తిప్పి వెనక చూసింది, అక్కడేమైనా ఉందేమోనని. "ఇందులో మనిషెక్కడండీ?"

"అంటే అమ్మా?"

"జరిగింది, కలిగింది. వానలాగా. ఎవరూ చెయ్యలేదా?"

అతను తను రాసిన కాగితం మళ్లీ చూసుకున్నాడు.

"ముద్రలేని కాగితం వాళ్లకెందుకు? వాళ్లు పుట్టినప్పటి నుంచీ మనుషుల్ని గొంతు పట్టి తెలుసుకునేవాళ్లు. అక్కడి మేనేజరుగారికీ చూపు లేదు. మీరే చెప్పండి, రికార్డు చేసి పంపుతాను." ఆవిడ అల్మారా తలుపు తెరిచింది.

స్టూలు అతనికి చిన్నదయింది. మోకాళ్లు బొంతలకు తగులుతున్నాయి. లోపల వేడిగా, పాత దూది వాసనతో, తన ఊపిరి తనకే వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ మైకును అతని నోటి ముందుకు వంచి, తను బయట కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెన్సిలుతో కానివ్వండి అన్నట్టు సైగ చేసింది.

"నేను, కంపెనీ టెక్నీషియన్ని. రౌటర్ అమర్చేటప్పుడు పొరపాటు జరిగి..."

పెన్సిలు లేచింది. "ఆగండి. మళ్లీ మొదటి నుంచి."

"రౌటర్‌లో అంకె తప్పుగా పడి..."

"పడిందా?"

అతను చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు. ఇంత చిన్న వాక్యం ఇంత బరువుంటుందని అతను అనుకోలేదు. అయిదోసారికి వచ్చింది. "రౌటర్‌లో నేను తప్పు అంకె పెట్టాను. పెట్టొద్దని చెప్పినా పెట్టాను." ఆవిడ పెన్సిలు కదల్లేదు. అతను కొనసాగించాడు. "ఈవిడ రాసి ఉంచిన లెక్క చూడమని మూడుసార్లు అడిగారు. నేను చూడలేదు. లోపం ఈవిడదేనని నా చేత్తో రాసిచ్చాను. అది అబద్ధం. ఇందుకు మేము చింతిస్తున్నాము."

"ఎంతమంది?"

"ఒక్కణ్ణే" అన్నాడతను చిన్నగా. మైకులో మళ్లీ అన్నాడు. "ఇందుకు నేను సిగ్గుపడుతున్నాను."

అయిపోయిందనుకుని లేవబోయాడు. ఆవిడ కదల్లేదు.

"ఇంకొకటి మిగిలింది."

"అంతా చెప్పేశానమ్మా."

"ఆ రోజు వెళ్లబోయే ముందు, మావారి వైపు తిరిగి ఒక మాటన్నారు."

అతనికి గుర్తొచ్చింది. గుర్తు లేదనడానికి కూడా వీల్లేనంత స్పష్టంగా, తన నవ్వుతో సహా గుర్తొచ్చింది. హాల్లో కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డట్టున్నాడు. అతను మైకు వైపు వంగాడు. ఈసారి కాగితం చూడలేదు.

"ఈవిడకు వాడటం చేతకాదని ఈవిడ ఇంట్లో, ఈవిడ ముందే అన్నాను. అని నవ్వాను. చేతకానిది నాకు."

ఆవిడ మళ్లీ చెప్పమనలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏవో మీటలు నొక్కింది. ఫైలు పెద్దదే. ముగ్గురూ తెర వంక చూస్తుండగా ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయింది.

పావుగంటకు గ్రంథాలయం నుంచి ఫోనొచ్చింది. ఆవిడ విన్నది ఎక్కువ, మాట్లాడింది తక్కువ. ఫోన్ పెట్టేసి అంది. "ఆ పుస్తకం ఇంకొకరు సగం దాకా చదివేశారట. ఇప్పుడు గొంతు మారిస్తే పిల్లలు తికమక పడతారు. నిజమే. వచ్చే నెలది నాకే ఇస్తామన్నారు. నేను రాసిన క్షమాపణ ఉత్తరం చింపేశారట."

"నేనింకేమైనా చెయ్యగలనా అమ్మా?"

"ఇలాగే అంకె పెట్టిన ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయి?"

"ముప్ఫై ఆరు."

"వాళ్లలో కూడా ఎవరైనా పాతది అమ్ముకోబోతున్నారేమో" అంది ఆవిడ. క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. అల్మారాలోకి వెళ్లి, అతను కూర్చున్నప్పుడు చెదిరిన బొంతలు సర్దుకుంటోంది.

అతను బూట్లు వేసుకుని మెట్లు దిగాడు. వెనకాలే చెప్పుల చప్పుడు. ఆవిడ భర్త గేటు దాకా వచ్చాడు. చేతిలో పేపరు ఇంకా అలాగే ఉంది, నాలుగు మడతలయి.

"స్టోరులో వేస్తారా మిమ్మల్ని?"

"సోమవారం నుంచి సార్."

ఆయన గేటు గొళ్లెం ఎత్తి, తెరవకుండా పట్టుకున్నాడు. లోపల ఆవిడ చదవడం మొదలుపెట్టినట్టుంది. బొంతల చాటునుంచి మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది.

"మీరు మూడుసార్లే వచ్చారు" అన్నాడాయన. "నేను మూడు నెలలుగా అంటూనే ఉన్నాను. పనికిరానిదానివని కూడా... ఏదో కోపంలో అలా మాట జారింది. ఇప్పుడు లోపలికెళ్లి ఏమని చెప్పాలంటారు?"

అతను సంచి భుజానికెత్తుకున్నాడు.

"మాట జారిందంటే ఒప్పుకోరు సార్. నేనన్నాను అనాలి."

ఆయన తల ఊపాడు. గేటు తెరిచి అతన్ని బయటికి పంపి, మళ్లీ గొళ్లెం పెట్టాడు. అతను బండెక్కి సందు మలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఆయన ఇంకా గేటు దగ్గరే, ఇంటివైపు తిరిగి నిలబడి ఉన్నాడు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి.